కమాన్ పట్టీతో మొదటి కత్తి: వాదర దించే ముందు వంపు ఎంత ఇవ్వాలి?

కొత్తకొలిమి (హనుమకొండ)

అందరికీ నమస్తే. ఇంటి వెనుక ఇటుకలతో చిన్న కొలిమి కట్టుకున్నాను. గాలికి చేత్తో తిప్పే బ్లోయర్ ఉంది. దాగలి (ఇనుము పెట్టి కొట్టే దిమ్మ) బదులు పాత లారీ షాఫ్టు ముక్కను తుమ్మ మొద్దులో నిలువుగా దింపాను. సుత్తె కిలో బరువుది. ఆటోనగర్‌లో కొన్న కమాన్ పట్టీని (లారీ స్ప్రింగు పట్టీని) పొడవునా రెండుగా కోయించి, కాల్చి సాగదీశాను. ఇప్పుడు ఆరు మిల్లీమీటర్ల మందం, అంగుళంపావు వెడల్పుతో తిన్నగా ఉంది. ఇంకా మొన తీయలేదు, వాదర దించలేదు, అంటే పదునుండే అంచును కొట్టి పలచన చేయలేదు.

నాకు కావాల్సింది ఐదంగుళాల కత్తి. ఇంట్లో కూరగాయలకు, పెరట్లో సన్న కొమ్మలకు పనికొస్తే చాలు. వీడియోల్లో ఒకాయన బద్దను ముందే వాదర వైపు వంచి తర్వాత కొడుతున్నాడు. ఇంకొకాయన తిన్నగా పెట్టే కొడుతున్నాడు. ఏది సరి? వంచితే ఎంత వంచాలి? సుత్తెతో ఎంతవరకు దించి, ఎంత గ్రైండర్‌కు వదలాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఆటోనగర్_లేత్ (వరంగల్)

తమ్మీ, సుత్తెతో ఎందుకు అంత కష్టం? పట్టీ మీద సుద్దముక్కతో కత్తి గీసుకో, కటింగ్ వీల్‌తో కోసుకో, వాదరను బెల్టు గ్రైండర్ మీద దించు. మందం అంతటా ఒక్కలాగే వస్తుంది. మా షాపులో పనిముట్లన్నీ ఇట్లనే చేస్తాం. పెద్ద పెద్ద కంపెనీల కత్తులు కూడా ఎక్కువగా రేకు నుంచి కోసి అరగదీసినవే. కోసేటప్పుడు వీల్ మీద గార్డు తీయకు. కళ్లద్దాలు లేకుండా అసలు ముట్టకు.

కొత్తకొలిమి (హనుమకొండ)

అన్నా, ఆ దారి తెలుసు. నాకు సుత్తె పనే నేర్చుకోవాలని ఉంది. కత్తి ఎట్లైనా వస్తుంది, చెయ్యి తిరగాలి కదా.

పాత_సమ్మెట (పరకాల)

మంచి మాట అన్నవు బిడ్డా. కొలిమి ముందర పెరిగినోణ్ణి, నాకు తెలిసింది చెప్తా.

వంచాలి. ఎందుకు వంచాలో ముందు తెలుసుకో. వాదర వైపు కొట్టినకొద్దీ అక్కడి ఇనుము పలచబడుతుంది. పలచబడ్డ ఇనుము ఎటో ఒకవైపు పోవాలి కదా. కొంత వెడల్పుకు పోతుంది, కొంత పొడవుకు పోతుంది. వాదరకు ఎదురుగా ఉన్న వెన్ను వైపు నువ్వు కొట్టవు, అది అంతే పొడవు ఉంటుంది. ఒక పక్క పొడుగై ఇంకో పక్క పొడుగు కాకపోతే బద్ద తిరుగుతుంది. మొన వెన్ను వైపు లేస్తుంది. అందుకే ముందే దానికి ఎదురు వంపు ఇస్తాం. వాదర లోపలికి, వెన్ను బయటికి, కొడవలి లెక్క. కొడుతూ పోతుంటే ఆ వంపు తనంతట తానే తిన్నగైతది.

ఐదంగుళాల కత్తికి మధ్యలో పావు అంగుళం నుంచి అరంగుళం లోపల వంపు చాలు. ఎంత లోతుగా వాదర దించుతావో దాన్నిబట్టి ఎక్కువ తక్కువ. మంచిగ ఎర్రగ కాల్చి, వెన్ను పైకి పెట్టి, మొద్దు మీద చెక్క సుత్తెతో కొట్టు. ఇనుప సుత్తెతో కొడితే గాట్లు పడతయి.

వంపు కన్నా ముందు మొన తీయాలి. మొన తీయకుండా వాదర దించినోళ్లకు తర్వాత మొన కాడ ఇనుము సరిపోదు.

కొత్తకొలిమి (హనుమకొండ)

కాకా, చాలా థాంక్స్. మొన తీసేటప్పుడు చివర మధ్యలో గుంట పడి, రెండు పక్కల ఇనుము దాని మీదికి మడత పడుతుందని చదివాను. అది రాకుండా ఎట్లా?

పాత_సమ్మెట (పరకాల)

వెన్ను వైపు మూలను ఏటవాలుగా కోసెయ్. రంపంతో అయినా, వేడి మీద ఉలితో అయినా సరే. అప్పుడు మొన వాదర వైపు ఉంటుంది. చూసేందుకు తప్పుగా అనిపిస్తది, భయపడకు. వాదర దించేటప్పుడు ఆ మొన తనే పైకి లేచి సరైన జాగాకు వస్తది. మొన కొట్టేటప్పుడు వేడి పసుపు కలిసిన నారింజ రంగులో ఉండాలి. చల్లారిన మొన మీద కొడితేనే పైపొర ఒక్కటే సాగి లోపలిది ఆగిపోతది, గుంట అప్పుడే పడుతది. పడితే దాని మీద ఇంకా కొట్టకు, ఆకురాయితో ఆ మడతంతా తీసేసి మళ్లీ మొదలుపెట్టు. లోపల మడత దాచిపెడితే గట్టిపరచడానికి నీళ్లలోనో నూనెలోనో ముంచినప్పుడు అక్కడే చీలుతది.

లోహశాస్త్రం (కాజీపేట)

కాకా చెప్పినదానికి కొన్ని అంకెలు కలుపుతాను. మెటలర్జీ చదువుతున్నాను, తీరిక ఉన్నప్పుడు కొలిమి పని చేస్తాను.

మన దగ్గర దొరికే కమాన్ పట్టీలు చాలావరకు సిలికాన్ మాంగనీస్ స్ప్రింగ్ స్టీలే. 65ఎస్‌ఐ7, ఈఎన్45 అనే పేర్లు వింటారు. కార్బన్ 0.5 నుంచి 0.7 శాతం దాకా, సిలికాన్ ఒకటిన్నర నుంచి రెండు శాతం దాకా ఉంటుంది. మొదటి కత్తికి ఇది చాలా మంచి ఎంపిక. కొంచెం పొరపాట్లను ఓర్చుకుంటుంది, గట్టిపడుతుంది, అంత తేలిగ్గా పెళుసుగా విరగదు. ఇంటి కట్టడానికి వాడే టీఎంటీ చువ్వతో మాత్రం కత్తి చేయకండి. అందులో కార్బన్ పావు శాతం దగ్గరే ఉంటుంది, ఎంత ముంచినా వాదర నిలబడదు.

సుత్తె వేయాల్సిన వేడి సుమారు 1000 నుంచి 1100 డిగ్రీలు. ముదురు ఎరుపుకు దిగాక, అంటే 800 దగ్గరికి వచ్చాక ఆపేసి మళ్లీ కొలిమిలో పెట్టాలి. కొత్తవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ఇంకో రెండు దెబ్బలు పడతాయిలే అనుకుని చల్లారిన ఇనుము మీద కొడతారు. పగులు లోపల మొదలవుతుంది, బయటికి కనపడదు.

ఇంకో చివర కూడా ప్రమాదమే. గాలి ఎక్కువ పెట్టి తెల్లగా కాలిస్తే చిటపటమని నిప్పురవ్వలు వస్తాయి. అంటే ఇనుమే కాలిపోతోంది. ఆ ముక్క మళ్లీ బాగుపడదు, కోసి పారేయాల్సిందే. సిలికాన్ ఉన్న స్టీలు పైపొరలో కార్బన్ త్వరగా పోగొట్టుకుంటుంది కూడా. అందుకే ఎక్కువసేపు కొలిమిలో వదిలేయకండి. చివర్లో పైపొర అరగదీయడానికి కొంత మందం ఉంచుకోండి.

మన ఎండల్లో ఇంకో తిప్పలు. మధ్యాహ్నం వెలుతురులో రంగు తెలియదు. నారింజ రంగు ఎండలో ముదురు ఎరుపులా కనిపించి, ఇంకా కాల్చేస్తాం. కొలిమిని నీడలో పెట్టండి, లేదా పొద్దుగూకాక పని పెట్టుకోండి.

గనిపల్లె (గోదావరిఖని)

బొగ్గు గురించి ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెప్తున్నా. ఇంటి దగ్గర బొగ్గు ఉంది కదా అని మా వైపు పిల్లలు సింగరేణి బొగ్గే వేస్తారు. అది కొలిమికి పనికొచ్చే కోకింగ్ రకం బొగ్గు కాదు, బూడిద ఎక్కువ. కాసేపటికి కొలిమి అడుగున గడ్డలు కట్టి గాలి రంధ్రం మూసుకుపోతుంది. పొగ కూడా ఎక్కువ. చిన్న కత్తికి కట్టె బొగ్గు హాయి. తుమ్మ బొగ్గు అయితే ఇంకా మంచిది, వేడి నిలబడుతుంది. రాక్షసి బొగ్గే వాడాలంటే పొగ పోయి ఎర్రటి నిప్పు అయ్యాకే ఇనుము పెట్టండి. అడుగున గట్టిపడ్డ గడ్డను మధ్యమధ్యలో తీసేస్తూ ఉండండి. ఇంకొక మాట, కొలిమిని గదిలో పెట్టి తలుపులు మూయొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఆటోనగర్_లేత్ (వరంగల్)

పట్టీ కొనేటప్పుడు కూడా జాగ్రత్త. లారీ కింద ఏళ్ల తరబడి ఊగిన పట్టీలో కంటికి కనపడని పగుళ్లు ఉంటాయి, ముఖ్యంగా మధ్య బోల్టు రంధ్రం చుట్టూ. పట్టీలు మార్చే షాపుల్లో కొత్త పట్టీ కోసినప్పుడు మిగిలిన ముక్కలు దొరుకుతాయి, అవి అడగండి. రైలు పట్టాల క్లిప్పులు స్క్రాపులో కనిపిస్తే ముట్టకండి. కాజీపేట దగ్గర కాబట్టి ఇది చెప్పాల్సిన మాటే. రైల్వే సామాను అక్రమంగా దగ్గర ఉంచుకుంటే 1966 చట్టం కింద కేసు అవుతుంది. జింక్ పూత పూసిన ఇనుము కూడా కొలిమిలో పెట్టొద్దు, ఆ పొగ పీలిస్తే జ్వరం పట్టుకుంటుంది.

కొలిమింటి_బిడ్డ (జమ్మికుంట)

మా నాయన కమ్మరి పని చేసేవాడు. చిన్నప్పటి నుంచి తిత్తి ఊదినదాన్ని, పెద్దయ్యాక సమ్మెట కొట్టినదాన్ని. అందుకని వాదర దించే తీరు నేను చెప్తాను. అసలు పని అక్కడే ఉంది, ఇక్కడ ఇంకా ఎవరూ దాని దగ్గరికి రాలేదు.

బద్దను దాగలి మీద పరిచిపెట్టి ఒక పక్క కొట్టి, తిరగేసి ఇంకో పక్క కొడితే వాదర మధ్యలోకి రాదు. వెన్నును కొంచెం పైకి లేపి పట్టాలి. వాదర దాగలి అంచుకు దగ్గరగా ఉండాలి. సుత్తెను కూడా అంతే ఏటవాలుగా వేయాలి. అప్పుడు పైనుంచి సుత్తె, కింది నుంచి దాగలి రెండూ ఒకేసారి వాలు చేస్తాయి. సుత్తె మూతి అంచులు గుండ్రంగా అరగదీసి ఉండాలి తమ్మీ. కొత్తగా కొన్న సుత్తె అంచు పదునుగా ఉంటుంది, ప్రతి దెబ్బకూ నెలవంక గాటు పడుతుంది. ఆ గాట్లన్నీ తర్వాత ఆకురాయితో తీయాలంటే సగం మందం పోతుంది.

పిడి వైపు నుంచి మొన వైపు పోవాలి. దెబ్బ మీద దెబ్బ సగం కలిసేలా వేయాలి. ఒక కాకలో (ఒకసారి కాల్చిన వేడిలో) ఒక పక్క కొడితే, తర్వాతి కాకలో రెండో పక్క అన్నే దెబ్బలు. ఒక పక్కే ఎక్కువైతే వాదర పక్కకు జరుగుతుంది. ప్రతి కాక చివర, ఇంకా ఎర్రగా ఉండగానే, వాదర మీద నుంచి ఒక కంటితో చూసి వంకర ఉంటే సరిచేయాలి. వంకరను తర్వాత చూద్దామని వదలొద్దు. ఒక కాకలో వచ్చిన చిన్న వంకర మీద ఇంకో కాక కొడితే అది రెండు చోట్ల వంకర అవుతుంది.

నీ అంగుళంపావు వెడల్పు వాదర దించేసరికి అంగుళంన్నర దాకా పెరుగుతుంది. నీకు అంతకన్నా తక్కువ వెడల్పు కావాలంటే ఇప్పుడే వెడల్పు తగ్గించుకో, తర్వాత కష్టం.

వాదరను ఎంత పలచగా కొట్టాలన్నావు. రూపాయి బిళ్ల మందం దగ్గర ఆపెయ్. అంతకన్నా దించాలనే ఆశ అందరికీ ఉంటుంది, సుత్తె కింద వాదర పలచబడుతుంటే చెయ్యి ఆగదు. కానీ పలచటి వాదర కొలిమిలో ముందు కాలిపోతుంది, ముంచినప్పుడు అలల్లా వంకర పోతుంది. మిగిలిన పలచన గట్టిపరిచాక సాన మీద చేసుకోవాలి.

కొత్తకొలిమి (హనుమకొండ)

అక్కా, ఇదే నాకు కావాల్సింది. వెన్ను లేపి పట్టాలన్నది ఏ వీడియోలోనూ ఎవరూ విడమర్చి చెప్పలేదు. పట్టకారుతో పట్టుకుంటే బద్ద జారుతోంది, దానికేమైనా చేయాలా?

కొలిమింటి_బిడ్డ (జమ్మికుంట)

అప్పుడే కోసెయ్యకు. బద్దను పొడుగ్గా ఉంచు, చేతికి చాలినంత. అవతలి చివర చల్లగానే ఉంటుంది, దాన్నే పట్టుకుని కొట్టు. పిడిలోకి దిగే తోక ఆఖరున తీసి అప్పుడు కోసుకో. తోక మొదట్లో మూలలు నూటికి నూరు గుండ్రంగా ఉండాలి, నిక్కచ్చి మూల పెట్టకు. గట్టిపరిచేటప్పుడు పగులు మొదలయ్యే చోటు అదే.

చిట్యాల_చెలక (జయశంకర్ భూపాలపల్లి)

మధ్యలో అడ్డం వస్తున్నందుకు ఏమనుకోకండి. అలల గీతలు ఉండే డమాస్కస్ కత్తి మన వైపు ఉక్కుతోనే చేసేవారని విన్నాను. అది నేర్చుకోవచ్చా?

లోహశాస్త్రం (కాజీపేట)

నిజమే, విన్నది సరైనదే. నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం, నిర్మల్ చుట్టుపక్కల ఊళ్లు మూసల్లో కరిగించి చేసే ఉక్కుకు పేరుపొందినవి. 19వ శతాబ్దం తొలినాళ్లలో హెన్రీ వాయ్‌సే అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త కోనసముద్రంలో ఆ పని చూసి రాశాడు. ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు అక్కడికే వచ్చేవారని అందులో ఉంది. ఈ మధ్య కాలంలో బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ కలిసి ఉత్తర తెలంగాణలో ఊరూరా తిరిగి పాత కొలుముల జాడలు, చిట్టెం (ఇనుము కరిగించగా మిగిలిన మలినం) కుప్పలు నమోదు చేశాయి. మన పొలాల గట్ల మీద నల్లగా, బుడగలు బుడగలుగా కనిపించే రాళ్లలో కొన్ని అలాంటి చిట్టెమే కావచ్చు.

కానీ ఆ ఉక్కులో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. కొంచెం ఎక్కువ కాలిస్తే సుత్తె కింద పొడిపొడి అవుతుంది, తక్కువ వేడిలో ఓపిగ్గా కొట్టాలి. ఇప్పుడు మార్కెట్‌లో డమాస్కస్ పేరుతో దొరికేవి ఎక్కువగా రెండు రకాల స్టీళ్లను పొరలుగా అతికించి కొట్టినవి, పాత మూస ఉక్కు కాదు. రెండూ కొత్తవాళ్ల పని కాదు. కమాన్ పట్టీ మీద చెయ్యి కుదిరాక చూడొచ్చు.

ఆటోనగర్_లేత్ (వరంగల్)

ముంచేది నీళ్లలోనా నూనెలోనా? అది ముందే తేల్చుకోవాలి.

పాత_సమ్మెట (పరకాల)

మేము కొడవళ్లు, గీత కత్తులు అన్నీ నీళ్లలోనే చేసినం. మొత్తం ముంచం. వాదర ఒక్కటే తడిపి తీసి, ఇటుక ముక్కతో గబగబ రుద్ది తెల్లగ చేస్తం. వెన్నులో ఉన్న వేడి వాదర వైపు దిగుతది. రంగు నడుస్తది. గడ్డి రంగు వాదరకు చేరంగనే మొత్తం నీళ్లలో పెడతం. నీలం దాకా పోనిస్తే మెత్తబడుతది.

లోహశాస్త్రం (కాజీపేట)

కాకా చెప్పింది గట్టిపరచడం, టెంపరింగ్ (పెళుసుతనం తగ్గేలా మళ్లీ కొంచెం వేడి ఇవ్వడం) రెండూ ఒకే కాకలో చేసే పద్ధతి. చాలా తెలివైన పని అది. వెన్నులో మిగిలిన వేడినే టెంపరింగ్‌కు వాడుకుంటారు. లేత గడ్డి రంగు అంటే సుమారు 200 డిగ్రీలు దాటినట్టు, నీలం అంటే 300 దగ్గర. కానీ ఆ రంగు క్షణాల్లో దాటిపోతుంది, పట్టుకోవడానికి అనుభవం కావాలి. ఈ స్ప్రింగ్ స్టీలు నీళ్లలో చాలా వేగంగా చల్లబడి పగలొచ్చు. మొదటి కత్తికి నూనే మంచిదని నా అభిప్రాయం.

కొట్టడం అయ్యాక నేరుగా ముంచకండి. ఎర్రగా కాల్చి, కదలని గాలిలో నల్లబడేదాకా చల్లారనివ్వాలి. ఇది మూడుసార్లు, ప్రతిసారీ కొంచెం తక్కువ వేడితో చేయాలి. సుత్తె దెబ్బల వల్ల లోపల పేరుకున్న బిగువు పోతుంది, ఎక్కువ వేడికి పెద్దవైన రేణువులు మళ్లీ సన్నబడతాయి. ఆ తర్వాత ఆకురాయి పని. ఆకురాయి పట్టకపోతే ఇంకోసారి కాల్చి, పొడి బూడిదలో పూడ్చి రాత్రంతా వదిలేయండి, మెత్తబడుతుంది.

ముంచేటప్పుడు అయస్కాంతం దగ్గర పెట్టుకోండి. పాత స్పీకర్‌లోది సరిపోతుంది. 770 డిగ్రీల దగ్గర ఇనుముకు అయస్కాంతం అంటదు. అంటడం మానేశాక ఇంకొంచెం, ఒక ఛాయ ఎక్కువ కాల్చి, 50 డిగ్రీల దాకా వేడిచేసిన పల్లి నూనెలో మొన ముందుగా నిలువుగా దింపాలి. పక్కలకు ఊపొద్దు, వాదర వెన్నుల దిశలోనే ముందుకు వెనక్కి కదపాలి. నూనె ఇనుప డబ్బాలో ఉండాలి, ప్లాస్టిక్‌లో కాదు. దాని మూత పక్కనే పెట్టుకోవాలి, మంట లేస్తే మూసేయడానికి. మంట మీద నీళ్లు పోయొద్దు. వాడేసిన ఇంజన్ ఆయిల్ వద్దు, ఆ పొగ మంచిది కాదు, పైగా ఇది వంటింటి కత్తి.

గట్టిపడిందో లేదో ఆకురాయితో వాదర మీద మెల్లగా గీసి చూడండి. జారిపోతే గట్టిపడ్డట్టు, పట్టుకుని గీస్తే లేదు. ఆ వెంటనే కేకులు చేసే ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు, చల్లార్చి మళ్లీ రెండు గంటలు. గట్టిపరిచిన కత్తిని టెంపరింగ్ చేయకుండా రేపటికి వదలొద్దు, కింద పడితే గాజులా విరుగుతుంది.

పాత_సమ్మెట (పరకాల)

నూనె వద్దని నేననను. కొడవలికి నీళ్లు, ఈ పిలగాని కత్తికి నూనె. సరే.

కొత్తకొలిమి (హనుమకొండ)

అందరికీ అప్‌డేట్. మూల ఏటవాలుగా కోసి మొన తీశాను. మడత పడలేదు. మధ్యలో పావు అంగుళం పైన వంపు ఇచ్చి వాదర దించడం మొదలుపెట్టాను. కాక కాకకూ వంపు తగ్గుతూ రావడం కళ్ల ముందే కనిపించింది, చెప్పలేనంత సంతోషంగా ఉంది. మొన సరిగ్గా వెన్ను గీతకు కొంచెం కింద ఆగింది. రూపాయి బిళ్ల మందం దగ్గర ఆపేశాను. కాకా, అక్కా, సార్, మీ అందరి రుణం తీర్చుకోలేను.

నూనెలో ముంచాక ఆకురాయి జారింది. కానీ మొన దగ్గర ఒక పక్కకు మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్ల వంకర వచ్చింది. ఇంకా ఓవెన్‌లో పెట్టలేదు. సుత్తెతో సరిచేయొచ్చా? టెన్షన్‌గా ఉంది.

లోహశాస్త్రం (కాజీపేట)

సుత్తె ముట్టకండి! ఇప్పుడు అది గాజులా ఉంది. నూనె నుంచి తీసిన వెంటనే, ఇంకా వేడిగా ఉన్నప్పుడైతే తోలు గ్లవ్స్‌తో వంచి సరిచేసే వీలుంది, ఆ సమయం దాటిపోయింది. ముందు ఒకసారి ఓవెన్‌లో పెట్టి తీయండి. తర్వాత మందపాటి తిన్నని పట్టీకి కత్తిని క్లాంప్‌తో బిగించండి. వంకర ఉన్నచోట కింద ఒక నాణెం పెట్టి, వంకరకు ఎదురుగా కొంచెం ఎక్కువే వంగేలా మెల్లగా బిగించాలి. అట్లాగే రెండో విడత ఓవెన్‌లో పెట్టండి. తీసి చూస్తే చాలావరకు తిన్నగా అవుతుంది. మిగిలితే మూడో విడత.

చిట్యాల_చెలక (జయశంకర్ భూపాలపల్లి)

ఇట్లాంటివి చేసి అమ్మితే లైసెన్సు కావాలా?

ఆటోనగర్_లేత్ (వరంగల్)

ఆయుధాల చట్టం 1959ది. దాని నిబంధనల్లో తొమ్మిది అంగుళాల కన్నా పొడవు లేదా రెండు అంగుళాల కన్నా వెడల్పు ఉన్న కత్తులను ఆయుధాల్లో లెక్కేస్తారు. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. తల్వార్లు, బాకులు చేసి అమ్మే ఆలోచన పెట్టుకోకు. పెద్ద కత్తి ఏదైనా అమ్మాలంటే ముందు పోలీస్ స్టేషన్‌లో అడిగి చెయ్.

కొత్తకొలిమి (హనుమకొండ)

సార్, నాణెం పెట్టి రెండో విడత చేశాను. వాదర మీద నుంచి చూస్తే తిన్నగా ఉంది. ఇక పిడి. తుమ్మ కట్టె ఉంది. తోకను ఎట్లా దింపాలి?

కొలిమింటి_బిడ్డ (జమ్మికుంట)

ఎండిన కట్టె అయితేనే తీసుకో, పచ్చిది ఆరాక పగిలి వదులవుతుంది. తోక కన్నా కొంచెం చిన్న రంధ్రం చేసి, వేరే ఇనుప చువ్వను తోక మందానికి కొట్టి కాల్చి దాంతో రంధ్రాన్ని పెద్దది చెయ్. కత్తి తోకనే కాల్చకు, వేడి వాదర దాకా పాకితే ఇన్ని రోజుల పని పోతుంది. వాదరకు తడిగుడ్డ చుట్టి ఉంచు. మా నాయన రంధ్రంలో లక్క పొడి వేసి, వేడి చువ్వతో కరిగించి, వెంటనే తోక దించేవాడు. లక్క దొరకకపోతే ఎపాక్సీ అయినా సరే. పిడి మొదట్లో ఇనుప పట్టా బిగించు, లేకపోతే తోక ఒత్తిడికి కట్టె చీలుతుంది. సాన పట్టడం అన్నిటికన్నా ఆఖరున, పిడి బిగిశాక. నీళ్లు చల్లుకుంటూ పట్టు. వాదర మీద నీలం రంగు కనిపించిందంటే అక్కడ మెత్తబడిపోయినట్టే, అది ముందే చూసుకో.